జాల్లో చిత్రాల్లో మొదట ఏది చూడాలి: బావా, అర్జెంతో, మార్తీనో, ఫుల్చీల మధ్య ఎంపిక

ఇటలీ హత్యా రహస్య చిత్రాలు చూడాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగిన వారికి తరచుగా వచ్చే జవాబు 'సస్పిరియా'. 1977లో దారియో అర్జెంతో తీసిన ఆ చిత్రం గొప్పదనడంలో నాకు సందేహం లేదు, కాని అది ఈ కోవలోకి రాదు. అందులో చావులకు మూలం మంత్రగత్తెలు. 'జాల్లో' అని పిలిచే చిత్రాల్లో హంతకులు మనుషులే. వారికి ఏదో పాత గాయం ఉంటుంది, చేతులకు నల్లటి తోలు గ్లౌజులు ఉంటాయి, చేతిలో కత్తో మంగలికత్తో ఉంటుంది, చిట్టచివరికి ముసుగు తొలగి ముఖం బయటపడుతుంది. దయ్యాల కథ కోసం వచ్చినవారు జాల్లో చూస్తే నిరాశపడతారు, అపరాధ పరిశోధన కోసం వచ్చినవారు 'సస్పిరియా' చూస్తే తికమకపడతారు. అందుచేత ముందుగా ఈ గీత గీసుకుని, ఆ తరువాత గీతకు ఇవతల ఉన్న చిత్రాల్లో ఎవరికి ఏది తగినదో చూడడం మంచిది.

ఇటాలియన్ భాషలో జాల్లో అంటే పసుపు రంగు. మొందాదోరి అనే ప్రచురణ సంస్థ 1929లో పసుపు అట్టలతో అపరాధ పరిశోధన నవలలు వేయడం మొదలుపెట్టింది. ఎడ్గార్ వాలెస్, అగాథా క్రిస్టీ వంటి రచయితల అనువాదాలు ఆ పసుపు అట్టల మధ్యనే ఇటలీ పాఠకులకు చేరాయి. 1941లో ఫాసిస్టు ప్రభుత్వం ఆ వరుసను ఆపించింది, యుద్ధం ముగిసిన తరువాత అది తిరిగి మొదలైంది. ఈనాటికీ ఇటలీలో జాల్లో అంటే ఏ డిటెక్టివ్ కథైనా కావచ్చు, కాని ఇటలీ బయట ఆ మాట 1963 నుంచి 1980ల చివరి వరకు వచ్చిన ఒక ప్రత్యేకమైన తరహా చిత్రాలకే స్థిరపడిపోయింది. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలు చదివి పెరిగిన మన పాఠకులు ఒక సంగతి ముందే తెలుసుకుని కూర్చోవాలి. ఈ చిత్రాల్లో యుగంధర్ లాంటివాడు సాధారణంగా ఉండడు. పోలీసు ఇన్‌స్పెక్టర్ ఉంటాడు, కాని అతడు వచ్చేసరికి జరగవలసినది జరిగిపోయి ఉంటుంది. అసలు పరిశోధన చేసేది ఆ రాత్రి ఆ వీధిలో నడుస్తున్న ఒక రచయిత, ఒక పియానో వాద్యకారుడు, ఒక బడిపంతులు, కూతుర్ని పోగొట్టుకున్న ఒక తండ్రి. వారిలో చాలామంది ఆ ఊరికి పరాయివారు. ఆధారాలన్నీ చివరికి లెక్కకు సరిపోవాలని పట్టుబట్టేవారికి ఈ చిత్రాల్లో సగానికి సగం నచ్చవు.

అందుచేత నేను ఎంపికకు వాడే కొలత వేరు. జాల్లో చిత్రం మొదటినుంచి చివరి దాకా చూపు గురించిన కథ. ఎవరో ఒకరు ఏదో చూస్తారు, చూసిన దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు, ఆ తప్పు తెలిసే లోపల నలుగురు చనిపోతారు. ఆ చూపును చిత్రం ఎంత శ్రద్ధగా మలిచింది, మన కంటికి ఎంత పని పెట్టింది అన్నదానిపైనే నా తూకం ఆధారపడుతుంది. రంగులు, దుస్తులు, మేడలు, సంగీతం అన్నీ ఆ పనిలో భాగమైనప్పుడే వాటికి విలువ. వట్టి అలంకారంగా మిగిలిపోతే అరగంటలో మొహం మొత్తుతుంది.

ఈ కొలత ప్రకారం మొదటి చిత్రంగా నేను చెప్పేది 'ద బర్డ్ విత్ ద క్రిస్టల్ ప్లూమేజ్'. 1970లో వచ్చిన ఈ చిత్రం దర్శకుడిగా అర్జెంతోకు మొదటిది, అప్పటికి అతనికి ముప్పై ఏళ్లు నిండలేదు. అంతకుముందు సినిమా విమర్శకుడిగా పనిచేశాడు, సెర్జియో లియోనే తీసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్' కథ అల్లడంలో పాలుపంచుకున్నాడు. కథ రోమ్‌లో జరుగుతుంది. అక్కడ కొంతకాలంగా ఉంటున్న సామ్ డాల్మస్ అనే అమెరికన్ రచయిత స్వదేశానికి వెళ్లడానికి సిద్ధమవుతూ, ఒక రాత్రి ఒక కళా ప్రదర్శనశాల ముందునుంచి నడిచి వెళ్తుంటాడు. ముందు గోడ మొత్తం అద్దమే. లోపల తెల్లటి వెలుగులో, పై అంతస్తు దగ్గర, తెల్లటి దుస్తుల్లో ఒక స్త్రీ, నల్లటి కోటు వేసుకున్న మరొక ఆకారం పెనుగులాడుతూ కనబడతారు. అతడు రోడ్డు దాటి పరుగెత్తుకుంటూ లోపలికి అడుగు పెట్టగానే వెనక ఉన్న అద్దపు తలుపు మూసుకుపోతుంది, ముందున్న తలుపు తెరుచుకోదు. రెండు అద్దాల మధ్య, చేపల తొట్టిలో చిక్కినట్టు, అతడు నిలబడిపోతాడు. లోపల ఆ స్త్రీ రక్తం కారుతూ నేలమీద పాకుతూ చేయి చాస్తుంది. ఆమె గొంతు అతనికి వినబడదు, బయట దారిన పోయేవాడికి ఇతని గొంతు వినబడదు. చూడడం తప్ప అతడు చేయగలిగింది ఏమీ లేదు, మనం చేయగలిగిందీ అంతే. ఇంత స్పష్టంగా, ఇంత వెలుగులో, అడ్డం లేని అద్దం గుండా చూసిన ఆ దృశ్యంలోనే ఏదో ఒకటి సరిపోలేదని, అది ఏమిటో గుర్తుకు రావడం లేదని అతడు తరువాత చిత్రమంతా తన్నుకులాడతాడు.

మొదటిసారి చూసేవారికి ఈ చిత్రం తగినదనడానికి కారణాలు ఉన్నాయి. కథ బిగువుగా ఉంటుంది, హత్యలు తరువాతి చిత్రాలతో పోలిస్తే కళ్లకు తక్కువగా గుచ్చుతాయి, చిక్కుముడి దాదాపు న్యాయంగానే విప్పుకుంటుంది. విత్తోరియో స్తొరారో ఛాయాగ్రహణం, ఎన్నియో మొర్రికోనే సంగీతం ఈ చిత్రంలో కలిశాయి. మొర్రికోనే ఇక్కడ భయపెట్టడానికి పెద్ద వాద్యబృందాన్ని దించలేదు. ఎద్దా దెల్లోర్సో అనే గాయని మాటలు లేని గొంతుతో పాడిన జోలపాట లాంటి రాగం పక్కనే ఊపిరి తీస్తున్న శబ్దాలను పెట్టి ఊరుకున్నాడు. ఒక లోపం చెప్పుకోవాలి. చివరలో ఒక వైద్యుడు హంతకుల మనస్తత్వాన్ని పాఠంలా వివరించే ఘట్టం ఉంది, అది అప్పటి మోజు. ఆ రెండు నిమిషాలు ఓపిక పట్టాలి.

దీని పక్కన పెట్టి పోల్చవలసిన చిత్రం 1975 నాటి 'డీప్ రెడ్', ఇటలీలో 'ప్రొఫోందో రొస్సో'. ఐదేళ్ల తరువాత అర్జెంతో మళ్లీ అదే ఆలోచనను చేపట్టి, ఈసారి మన ముందే ఉంచి దాచాడు. మార్కస్ డేలీ అనే ఇంగ్లీషు పియానో వాద్యకారుడు, ఆ పాత్ర వేసింది డేవిడ్ హెమింగ్స్, రాత్రి వేళ నిర్మానుష్యమైన ఒక కూడలిలో తాగిన స్నేహితుడితో మాట్లాడుతూ నిలబడి ఉండగా, పై అంతస్తు కిటికీలో తన పొరుగింటి స్త్రీ హత్యకు గురవడం చూస్తాడు. మెట్లెక్కి పరుగెత్తి, విచిత్రమైన చిత్తరువులు వేలాడుతున్న నడవలోనుంచి లోపలికి వెళ్తాడు. తరువాత అతనికి ఒక అనుమానం పట్టుకుంటుంది: ఆ నడవలో తాను చూసిన చిత్తరువొకటి ఇప్పుడు అక్కడ లేదు. దర్శకుడు ఇక్కడ మోసం చేయలేదు. మార్కస్ చూసినది మనకూ చూపించాడు, కెమెరా ఆ నడవలో కదిలిన ఆ కొద్ది క్షణాల్లో అది తెర మీద ఉంది. మొదటిసారి చూసినప్పుడు నేను కూడా దాన్ని చూసి, చూడనట్టే ముందుకు వెళ్లిపోయాను. ముగింపు తెలిశాక వెనక్కి జరిపి ఆపి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. ఒక ప్రేక్షకుడి కంటి మీద, జ్ఞాపకం మీద ఇంతటి నమ్మకం పెట్టిన హత్యా రహస్య చిత్రం మరొకటి నాకు తెలియదు.

ఈ చిత్రంలో స్థలాలు సైతం పాత్రలే. ఆ కూడలి తూరిన్ నగరంలోని పియాత్సా చి ఎల్లె ఎన్నె, అక్కడ పో, దోరా నదులకు గుర్తుగా రెండు పెద్ద ఫౌంటెన్ విగ్రహాలు ఉన్నాయి. ఆ పక్కన అర్జెంతో కట్టించిన బార్ సెట్టు అమెరికన్ చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ వేసిన 'నైట్‌హాక్స్' చిత్తరువు నమూనాలో ఉంటుంది, లోపల కూర్చున్న మనుషులు బొమ్మల్లా కదలకుండా ఉంటారు. పాడుబడిన భవంతిగా కనబడేది తూరిన్ కొండల మీద పియెత్రో ఫెనోల్యో 1902లో కట్టిన విల్లా స్కాట్. అక్కడ మార్కస్ ఒక్కడే గోడ మీది సున్నాన్ని గీకుతూ ఉంటాడు. పెచ్చులు ఊడి పడుతుంటే దాని కింద పిల్లవాడు గీసినట్టున్న బొమ్మ కొంచెం కొంచెంగా బయటపడుతుంది. తనకు చాలిందనుకుని అతడు వెళ్లిపోతాడు. అతడు వెళ్లాక, ఎవరూ లేని ఆ గదిలో, మరొక పెచ్చు దానంతట అదే ఊడి కింద పడుతుంది, బొమ్మలో ఇంకో భాగం మనకు మాత్రమే కనబడుతుంది. చూపు గురించి ఈ చిత్రం చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క పెచ్చులో ఉంది.

మరి మొదట దీన్నే ఎందుకు చూడకూడదు? చూడవచ్చు, కాని ఇది వెడల్పైన చిత్రం. మార్కస్‌కూ, దారియా నికొలోదీ పోషించిన విలేకరి జాన్నాకూ మధ్య హాస్యం, చేతిబలం పందెం, ఆడమగ తేడాల మీద వాదన, చిన్న వలపు అన్నీ తీరిగ్గా సాగుతాయి. హత్యలు కఠినంగా ఉంటాయి. గోబ్లిన్ అనే రాక్ బృందం ఇచ్చిన సంగీతం చెవుల్లో గింగురుమంటుంది. క్రిస్టల్ ప్లూమేజ్ చూసి ఈ దర్శకుడి పద్ధతి అలవాటైన కంటికి ఇందులోని ప్రతి వెడల్పూ అర్థవంతంగా కనబడుతుంది, అలవాటు లేని కంటికి కథ పక్కదారులు పట్టినట్టు అనిపిస్తుంది. ఒక్కటే చిత్రం చూస్తాను, రెండోది చూసే తీరిక లేదు అనేవారు మాత్రం నేరుగా దీనికే రావాలి.

ఇక్కడ జాగ్రత్తపడవలసిన విషయం, ఈ చిత్రం ఏ ప్రతిని (ప్రింటును) చూస్తున్నామన్నది. డీప్ రెడ్ ఇటలీలో విడుదలైన నిడివి రెండు గంటల పైమాటే, దాదాపు 126 నిమిషాలు. విదేశాలకు పంపిన ఇంగ్లీషు ప్రతిని సుమారు 105 నిమిషాలకు కుదించారు. కోత పడింది ప్రధానంగా హాస్యానికీ, జాన్నా పాత్రకూ. నేను మొదట చూసింది ఆ కురచ ప్రతే, అందులో జాన్నా కథకు అవసరం లేని మనిషిలా అనిపించింది. పూర్తి ప్రతి చూశాకే ఆమె ఈ చిత్రానికి ఊపిరి అని తెలిసింది. పూర్తి నిడివిని ఇంగ్లీషు ఆడియోతో పెట్టుకుంటే మధ్యమధ్యలో మాటలు ఉన్నట్టుండి ఇటాలియన్‌కు మారతాయి, ఎందుకంటే ఆ భాగాలకు ఇంగ్లీషు డబ్బింగ్ అప్పట్లో జరగలేదు. డిస్కు కొన్నా, ఆన్‌లైన్‌లో చూసినా ముందు నిడివి చూసుకోవడం ఈ చిత్రం విషయంలో తప్పనిసరి.

భాష గురించిన సందేహం ఈ చిత్రాలన్నిటికీ వర్తిస్తుంది. ఆ కాలంలో ఇటలీలో చిత్రీకరణ సమయంలో మాటలు పట్టే అలవాటు తక్కువ. నటులు ఎవరి భాషలో వారు పలికేవారు, తరువాత ఇటాలియన్‌కూ ఇంగ్లీషుకూ వేర్వేరుగా డబ్బింగ్ చెప్పేవారు. కాబట్టి ఇటాలియన్‌దే అసలు, ఇంగ్లీషుది నకలు అనే వాదన ఇక్కడ పూర్తిగా నిలవదు. కథ ఇటలీ పల్లెలోనో, ఇటలీ నటుల మధ్యనో జరిగితే ఇటాలియన్ ఆడియో, సబ్‌టైటిల్స్ ఎంచుకోవాలి. ప్రధాన నటుడు ఇంగ్లీషువాడో అమెరికనో అయి, తన గొంతు తానే ఇచ్చుకున్నచోట ఇంగ్లీషు ఎంచుకోవడంలో తప్పేమీ లేదు.

అర్జెంతోకు ముందు మారియో బావా ఉన్నాడు, అతడు లేకపోతే ఈ తరహాయే లేదు. ఛాయాగ్రాహకుడిగా మొదలైన బావా 1963లో 'ద గర్ల్ హూ న్యూ టూ మచ్' తీశాడు, జాల్లో చిత్రాలకు ఆరంభంగా ఎక్కువమంది దాన్నే లెక్కపెడతారు. నలుపు తెలుపులో, రోమ్‌లోని స్పానిష్ మెట్ల దగ్గర, డిటెక్టివ్ నవలలు తెగ చదివే ఒక అమెరికన్ అమ్మాయి చూసిన హత్య దాని కథ. చరిత్ర మీద ఆసక్తి ఉంటే చూడవచ్చు. కాని బావాను ఎంచుకునేవారు చూడవలసింది 1964 నాటి 'బ్లడ్ అండ్ బ్లాక్ లేస్'. ఒక ఫ్యాషన్ దుస్తుల సంస్థలో పనిచేసే మోడల్ హత్యకు గురవుతుంది, ఆమె రాసుకున్న డైరీ బయటపడుతుంది, అందరికీ దాచుకోవలసిన రహస్యాలు ఉన్నాయి కనుక అందరికీ ఆ డైరీ కావాలి. హంతక వ్యక్తికి నల్లటి టోపీ, కోటు, ముఖం మీద కళ్లూ ముక్కూ తెలియని తెల్లటి గుడ్డ. పాత్రల పేర్లు పడేటప్పుడే నటీనటులు దుస్తులు తొడిగే బొమ్మల పక్కన బొమ్మల్లాగే నిలబడి ఉంటారు. రాత్రి పూట పాత సామాన్ల దుకాణంలో ఒక మోడల్‌ను వెంటాడే ఘట్టంలో ఎరుపు, ఆకుపచ్చ, ఊదా వెలుగులు ఆరుతూ వెలుగుతూ ఉంటే, ఏ నీడ వస్తువుదో ఏ నీడ మనిషిదో తెలియదు. రంగు కోసం సినిమా చూసేవారికి, చిత్రలేఖనం, దుస్తుల రూపకల్పన, కెమెరా పని చేసేవారికి నా మొదటి సలహా క్రిస్టల్ ప్లూమేజ్ కాదు, ఇదే. పాత్రల మీద జాలి, మమకారం కోరుకునేవారికి మాత్రం ఇది చల్లగా తోస్తుంది, ఎందుకంటే బావా ఇందులో ఎవరి పక్షమూ వహించలేదు.

క్రిస్టల్ ప్లూమేజ్ డబ్బు బాగా సంపాదించడంతో 1971, 1972 సంవత్సరాల్లో ఇటలీలో ఈ తరహా చిత్రాలు వరదలా వచ్చాయి. పేర్లలో బల్లులు, తేళ్లు, సాలెపురుగులు, పిల్లులు నిండిపోయాయి. ఆ వరదలో సెర్జియో మార్తీనో చిత్రాలు నిలకడగా బాగుంటాయి. 1971లో తీసిన 'ద స్ట్రేంజ్ వైస్ ఆఫ్ మిసెస్ వార్ధ్' వియన్నా నగరంలో ఒక దౌత్యాధికారి భార్య కథ, ఎద్విజ్ ఫెనెక్ ముఖ్య పాత్ర. ఒకవైపు మంగలికత్తి హంతకుడు, మరొకవైపు వదలని పాత ప్రియుడు, మధ్యలో భర్త. ఎర్నెస్తో గస్తాల్ది రాసిన కథ మలుపు మీద మలుపు తిరుగుతుంది. కుట్ర ఇష్టపడేవారికి, ఎవరు ఎవరితో కలిశారో లెక్కపెట్టుకోవడం ఇష్టపడేవారికి ఇది తగిన చిత్రం. అదే మార్తీనో 1973లో తీసిన 'టోర్సో'ను నేను వేరే కారణానికి సిఫారసు చేస్తాను. పెరూజా విశ్వవిద్యాలయం విద్యార్థినుల చుట్టూ తిరిగే మొదటి గంట సాదాసీదాగా, కొన్నిచోట్ల చవకగా ఉంటుంది. తరువాత కథ ఒంటరి భవంతికి చేరుతుంది, కాలు మడతపడి నడవలేని ఒక యువతి పై గదిలో ఉన్న సంగతి తెలియకుండానే హంతకుడు కింద తన పని చేసుకుంటూ ఉంటాడు. చివరి అరగంటలో దాదాపు మాటలు ఉండవు. ఒక తాళం చెవి, ఒక తలుపు, బిగబట్టిన ఊపిరి, అంతే. ఆ అరగంట కోసం మొదటి గంటను భరించమని అడగడంలో నాకు సంకోచం లేదు.

అర్జెంతో తరువాత నేను ఎక్కువ బరువు ఇచ్చే పేరు లూచియో ఫుల్చీ, అందులోనూ 1972 నాటి 'డోంట్ టార్చర్ ఎ డక్లింగ్'. జాల్లో అంటే నగరం, ఖరీదైన ఫ్లాట్లు, విదేశీయులు అనుకునేవారి అంచనాను ఇది పూర్తిగా తలకిందులు చేస్తుంది. కథ దక్షిణ ఇటలీలోని ఒక పేద కొండ పల్లెలో జరుగుతుంది, తెల్లటి సున్నపు గోడలు, మండే ఎండ, ఊరి పక్కనుంచి పోయే కొత్త హైవే. ఊళ్లో మగపిల్లలు ఒక్కొక్కరుగా చనిపోతుంటారు. పోలీసులకు ముందు ఒక మతిలేనివాడి మీద, తరువాత ఊరివారంతా మంత్రగత్తెగా భావించే మచారా అనే స్త్రీ మీద అనుమానం. ఆ పాత్ర ఫ్లొరిందా బొల్కాన్ పోషించింది. పోలీసులు ఆమెను నిర్దోషిగా వదిలిపెడతారు, ఊరి మగవాళ్లు వదిలిపెట్టరు. శ్మశానంలో ఆమెను చుట్టుముట్టి గొలుసులతో కొడుతున్నంతసేపూ పక్కన రేడియోలో పాటలు మోగుతుంటాయి, చివరికి ఒర్నెల్లా వనోనీ గొంతులో ఒక మెత్తని ప్రేమపాట వస్తుంది. ఆమె పాక్కుంటూ హైవే అంచు దాకా చేరుతుంది. సెలవులకు పోతున్న కుటుంబాల కార్లు ఒకదాని వెంట ఒకటి వెళ్తుంటాయి, లోపలివాళ్లు చూస్తారు, ఒక్క కారూ ఆగదు. క్రిస్టల్ ప్లూమేజ్‌లో అద్దం అడ్డుగా ఉండి సాయం చేయలేని సాక్షి ఉంటాడు. ఇక్కడ కారు కిటికీ అద్దం తప్ప అడ్డేమీ లేని సాక్షులు వందమంది ఉంటారు. చేతబడి చేస్తోందని ఒక ఒంటరి స్త్రీని ఊరంతా కలిసి కొట్టిన వార్తలు మన ఆంధ్ర, తెలంగాణ పల్లెలనుంచి వినవలసి వచ్చిన మనకు ఈ దృశ్యం పరాయి దేశానిదిగా అనిపించదు. నా దృష్టిలో జాల్లో చిత్రాలన్నిటిలో మనిషి బాధను నిజంగా పట్టించుకున్న దృశ్యం ఇదే.

ఈ చిత్రాన్ని ఎంచుకునేవారు ముందే తెలుసుకోవలసినవి రెండు. చనిపోయేది పిల్లలు, ఆ హత్యలను తెర మీద సాగదీసి చూపకపోయినా విషయం బరువైనదే. మరొకటి, ముగింపులో ఒక కృత్రిమమైన బొమ్మ ప్రయోగం స్పష్టంగా తెలిసిపోయి భావాన్ని కొంత చెడగొడుతుంది. అయినా కథ, సమాజం, మతం గురించిన ఆలోచన కోరుకునేవారికి ఇంతకు మించిన ఎంపిక లేదు. ఫుల్చీ 1971లో లండన్ నేపథ్యంగా తీసిన 'ఎ లిజర్డ్ ఇన్ ఎ వుమన్స్ స్కిన్' కలలూ భ్రమలూ కలగలిసిన చిత్రం, అది ఆ తరువాతి మెట్టు. అతడి 1982 నాటి 'ద న్యూయార్క్ రిప్పర్' జోలికి పోవద్దనే నా సలహా. స్త్రీల దేహాల మీద అందులో చూపిన క్రౌర్యానికి కథలో తగిన కారణం నాకు కనబడలేదు.

ఈ మాట వచ్చింది కనుక ఇంకొంచెం చెప్పాలి. జాల్లో చిత్రాల్లో హతులు ఎక్కువమంది అందమైన స్త్రీలు, వారి చావును వెలుగులతో సంగీతంతో ముస్తాబు చేసి చూపడం ఈ తరహాలో మొదటినుంచీ ఉన్న దోషం. కొందరు దర్శకులు ఆ దోషాన్ని గమనించి దాన్నే కథావస్తువు చేసుకున్నారు, కొందరికి ఆ ఆలోచనే రాలేదు. 1972లో మస్సిమో దల్లమానో తీసిన 'వాట్ హావ్ యూ డన్ టు సొలాంజ్?' మొదటి కోవకు దగ్గరగా ఉంటుంది. లండన్‌లోని ఒక కాథలిక్ బాలికల పాఠశాలలో వరుస హత్యలు, శిష్యురాలితో రహస్య సంబంధం పెట్టుకున్న కారణంగా అనుమానం పడే ఒక ఇటాలియన్ ఉపాధ్యాయుడు, చివరికి పెద్దల లోకం ఒక అమ్మాయికి చేసిన అన్యాయం. హత్యల తీరు దారుణం, కాని చిత్రం ముగిసేసరికి మనసులో మిగిలేది హంతకుల మీద భయం కంటే సొలాంజ్ మీద దుఃఖం. మొర్రికోనే సంగీతం కూడా ఆ దుఃఖాన్నే పలికిస్తుంది. అదే ఏడాది అల్దో లాదో వెనిస్‌లో తీసిన 'హూ సా హర్ డై?'కు కూడా మొర్రికోనేదే సంగీతం, అందులో పిల్లల బృందగానం హంతక వ్యక్తి రాకను సూచిస్తూ ఉంటుంది. శీతాకాలపు వెనిస్ పొగమంచు, ఆ గానం గుర్తుండిపోతాయి, కథ మాత్రం సొలాంజ్ అంత గట్టిగా లేదు. రెండింటిలో ఒకటే అంటే సొలాంజ్.

1980లలోకి వస్తే పోలిక అర్జెంతో చిత్రాల మధ్యనే. 1982 నాటి 'టెనెబ్రే' పేరుకు లాటిన్‌లో చీకట్లు అని అర్థం, కాని చిత్రమంతా తెల్లటి గోడలు, పగటి వెలుగు. రోమ్‌లో ముస్సోలినీ కాలంలో తలపెట్టిన ఇ.యు.ఆర్. ప్రాంతపు విశాలమైన వీధుల్లో చాలా భాగం సాగుతుంది. తన కొత్త నవల ప్రచారానికి అమెరికానుంచి వచ్చిన పీటర్ నీల్ అనే రచయితకు, ఎవరో తన నవలను అనుకరిస్తూ హత్యలు చేస్తున్నారని తెలుస్తుంది. స్త్రీలను చంపే కథలు రాసేవాడికి ఆ చావులతో సంబంధం ఏమిటని ఒక విలేకరి అతన్ని ముఖం మీదే అడుగుతుంది. దర్శకుడు తనను తాను బోనులో నిలబెట్టుకున్న చిత్రం ఇది. క్రేన్ మీద కెమెరా ఒక ఇంటి కిటికీనుంచి గోడ మీదుగా ఎక్కి, పైకప్పు పెంకుల మీద పాకి, అవతలి వైపు కిటికీకి దిగే రెండున్నర నిమిషాల షాట్‌లో కోత లేదు. డీప్ రెడ్ నచ్చినవారు తప్పకుండా చూడాలి, మొదటి చిత్రంగా మాత్రం వద్దు, ఎందుకంటే ఇది ముందటి చిత్రాలతో చేస్తున్న వాదన వాటిని చూసినవారికే అందుతుంది. 1987 నాటి 'ఒపెరా'లో, కథానాయిక కళ్లు మూసుకోకుండా కనురెప్పల కింద సూదులు అతికించి, హత్యను బలవంతంగా చూపిస్తారు. చూపు గురించిన అర్జెంతో ఆలోచనకు అది చివరి మెట్టు. కంటికి సంబంధించిన దృశ్యాలు పడనివారు దాని పోస్టర్ కూడా చూడకపోవడం మేలు.

నెత్తురు ఎక్కువ వద్దు, గుండెలో గుబులు మాత్రం కావాలి అనేవారికి చెప్పవలసిన చిత్రం ఒకటి మిగిలింది. 1976లో పూపి అవాతీ తీసిన 'ద హౌస్ విత్ లాఫింగ్ విండోస్'. ఎమీలియా ప్రాంతంలో, పో నది దిగువన, కనుచూపు మేర నీరూ చదును నేలా తప్ప మరేమీ లేని చోట ఒక ఊరు. అక్కడి చర్చిలో గోడ మీద శిథిలమైన సెయింట్ సెబాస్టియన్ చిత్రాన్ని బాగుచేయడానికి స్తెఫానో అనే యువకుడు వస్తాడు. దాన్ని వేసిన లెన్యానీ అనే చిత్రకారుడు చనిపోయేవారిని ఎదురుగా పెట్టుకుని బొమ్మలు వేసేవాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ బొమ్మ మీద పొరలు తొలగిస్తున్నకొద్దీ ముఖాలు బయటపడతాయి, ఊరివారు మాట దాటవేస్తారు, సాయం చేయబోయినవారు కనబడకుండా పోతారు. మార్తీనో చిత్రాల్లోని వేగం ఇందులో లేదు, బావా రంగులు లేవు, నల్ల గ్లౌజులు లేవు. కొందరు దీన్ని జాల్లోగా ఒప్పుకోరు, కాని గోడ మీద చూసిన బొమ్మకు అర్థం వెతికే మనిషి కథ కనుక నేను దీన్ని డీప్ రెడ్‌కు తోబుట్టువుగానే చూస్తాను. ఇటాలియన్ ఆడియోతోనే చూడాలి, రాత్రి చూడాలి, మధ్యలో ఆపకూడదు. పొలాల మధ్య ఒంటరిగా నిలిచిన ఒక ఇల్లు, దాని కిటికీల చుట్టూ ఎర్ర రంగుతో వేసిన పెద్ద పెద్ద పెదవులు, ఆ పెదవులన్నీ నవ్వుతూ ఉంటాయి.